సాన్ హువాన్ కొండల దారి: డురాంగోలో మొదలుపెట్టి ఉత్తరానికి వెళ్లండి

కొలరాడోలో మిలియన్ డాలర్ హైవే మీద వెళ్తున్నామని మనవాళ్లెవరైనా చెబితే నేను ముందు ఒకటే అడుగుతాను: ఎటు నుంచి ఎటు వెళ్తున్నారు? హోటల్ ఎక్కడ, ఏం తినాలి, ఫోటోలు ఎక్కడ బాగా వస్తాయి, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఈ దారిలో దిశ ఒక్కటి సరిగ్గా పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

రాష్ట్రం నైరుతి మూలన సాన్ హువాన్ పర్వతాల చుట్టూ తిరిగే దారిని సాన్ హువాన్ స్కైవే అంటారు. డురాంగోలో బయల్దేరి సిల్వర్టన్, యూరే, రిడ్జ్‌వే, టెల్యురైడ్, రికో, డొలోరెస్, కార్టెజ్, మాంకోస్ మీదుగా మళ్లీ డురాంగోకే వస్తారు. మొత్తం సుమారు 236 మైళ్లు. అందులో సిల్వర్టన్‌కీ యూరేకీ మధ్య యూఎస్ 550 మీద ఉన్న పాతిక మైళ్లే మిలియన్ డాలర్ హైవే. ఆ పేరు ఎలా వచ్చిందంటే తలా ఒక కథ చెబుతారు. రోడ్డుకు పోసిన మట్టిలో బంగారం ఖనిజం కలిసిందని కొందరు, మైలుకు మిలియన్ డాలర్లు ఖర్చయిందని కొందరు.

ఆ పాతిక మైళ్లలో అసలు ఇరుకు చోటు యూరే ఊరికి దక్షిణాన ఆనుకుని ఉన్న అన్‌కంపాగ్రే లోయ. నది రోడ్డుకు పడమట, చాలా లోతున పారుతుంది. ఇక్కడ బండి కుడి పక్కన నడుపుతాం కాబట్టి యూరే నుంచి సిల్వర్టన్‌కి వెళ్తుంటే మీ లేన్ లోయ అంచున పడుతుంది. సిల్వర్టన్ నుంచి యూరేకి వస్తుంటే మీ లేన్ కొండను ఆనుకుని ఉంటుంది, మీకూ లోయకూ మధ్య ఎదురు లేన్ ఉంటుంది. చాలా చోట్ల రెయిలింగ్ లేదు. చలికాలంలో మంచు తోసే బండ్లు ఆ మంచునంతా లోయలోకే నెట్టాలి, రెయిలింగ్ ఉంటే మంచు అక్కడే గోడలా పేరుకుపోతుంది.

మొదటిసారి మేం డెన్వర్ నుంచి మాంట్రోజ్ మీదుగా వచ్చి యూరేలో ఎక్కాం. డ్రైవింగ్ మా ఆయన, పక్క సీట్లో నేను. కిటికీలోంచి కిందికి చూస్తే తెల్ల గీత, దాని పక్కన బెత్తెడు తారు, ఆ తర్వాత నేలే లేదు. ఎక్కడో అడుగున నది సన్నటి తీగలా కనిపించింది. ఆ కొన్ని మైళ్లూ ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఎర్ర కొండలు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు వెనక్కి పోయాయో నాకు గుర్తే లేదు.

రెండోసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వెళ్లాం. నాన్న ఇల్లందు బొగ్గు గనుల్లో 31 ఏళ్లు టింబర్‌మన్‌గా పని చేశాడు. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. పాత గనుల ఊళ్లు ఆయనకు చూపించాలని నాకు బలంగా ఉండేది. ఈసారి డెన్వర్ నుంచి యూఎస్ 285, యూఎస్ 160 పట్టుకుని, వోల్ఫ్ క్రీక్ పాస్ (కొండల మధ్య కనుమ) దాటి డురాంగో చేరాం. ఆగుతూ వెళ్తే దాదాపు రోజంతా పడుతుంది. అయినా మీకు చెప్పేది ఈ దారే. డురాంగో నుంచి ఉత్తరానికి వెళ్తే కొండ వైపు లేన్ మీది. డురాంగోలో ఒక రాత్రి పడుకోవడం ఒంటికి కూడా మంచిది. ఆ ఊరు 6,500 అడుగుల ఎత్తులో ఉంది, మర్నాడు మీరు ఎక్కేది 11,000 అడుగులు. అంత ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. తలనొప్పి, వికారం, ఆయాసం మొదలైతే పట్టుదలకు పోకుండా కిందికి దిగిపోండి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. నీళ్లు మాత్రం దాహం లేకపోయినా తాగిస్తూ ఉండాలి.

ఎప్పుడు వెళ్లాలంటే, జూన్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. నాకు నచ్చేది సెప్టెంబర్ చివరి పది రోజులు. ఆస్పెన్ చెట్లు కొండలకు కొండలు పసుపు పచ్చగా మారిపోతాయి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులు, వడగళ్లు దాదాపు రోజూ ఉంటాయి. పొద్దున్నే బయల్దేరి పన్నెండు లోపు పాస్‌లు దాటేయండి. చలికాలంలో కొత్తవాళ్లు ఈ రోడ్డు జోలికి పోకపోవడమే మంచిది. మంచు చరియలు పడతాయి, రోడ్డు మూసేస్తారు, టైర్ల నిబంధన పెట్టినప్పుడు సరైన టైర్లు లేకుండా ఎక్కితే జరిమానా కట్టాలి. ఏ కాలమైనా సరే, బయల్దేరే ముందు రాష్ట్ర రవాణా శాఖ వాళ్ల కోట్రిప్ (COtrip) వెబ్‌సైట్‌లో రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి. ఫోన్ సిగ్నల్ ఊళ్ల మధ్య పెద్దగా ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

కారు మామూలు సెడాన్ చాలు, మొత్తం తారు రోడ్డే. డురాంగోలో ట్యాంక్ నింపుకోండి. బ్రేకులు, టైర్లలో గాలి ముందే చూపించండి. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది: ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి అలాగే ఉంచకూడదు. ఆటోమేటిక్ కారైనా గేరు దగ్గర ఎల్ అనో, ఎం అనో ఉంటుంది. దాంతో గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేక్ ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి, మళ్లీ వేగం పెరిగితే మళ్లీ నొక్కాలి. ఎంతసేపూ నొక్కి ఉంచితే బ్రేకులు వేడెక్కి కాలిన రబ్బరు లాంటి వాసన వస్తుంది. ఆ వాసన వస్తే వెంటనే పక్కకు ఆపి, చల్లారేదాకా కూర్చోండి. ఇంటి దగ్గర ఏదైనా చిన్న వాలు మీద ఈ గేరు వాడటం రెండు మూడు సార్లు ప్రాక్టీస్ చేసి రండి. కొండ మీద మొదటిసారి వెతుక్కునే పని కాదు అది.

వెనకాల నాలుగు కార్లు చేరాయంటే కంగారుపడి వేగం పెంచొద్దు. రోడ్డు పక్కన వెడల్పు చోట్లు చాలానే ఉన్నాయి, ఇండికేటర్ వేసి పక్కకు తీసి వాళ్లను పోనివ్వండి. మలుపుల దగ్గర పసుపు బోర్డు మీద ఎంత వేగం రాస్తే అంతే వెళ్లండి. నడిపేవాళ్లు లోయ చూడకూడదు. చూడాలనిపిస్తే ఆపి, దిగి చూడండి.

డురాంగో నుంచి సిల్వర్టన్ 50 మైళ్ల లోపే. దారిలో రెండు పాస్‌లు వస్తాయి, కోల్ బ్యాంక్, మోలాస్. రెండూ 10,600 అడుగులకు పైనే. మోలాస్ దగ్గర తప్పకుండా ఆగండి, చుట్టూ కొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. ఇదే రెండు ఊళ్ల మధ్య అనిమాస్ నది పక్కన 1882లో వేసిన మూడడుగుల వెడల్పు పట్టాల మీద ఇప్పటికీ పర్యాటకుల రైలు నడుస్తోంది. వేసింది మాత్రం గనుల్లోంచి వెండి, బంగారం ఖనిజం కిందికి దించడానికి. ఒక్క వైపుకే మూడున్నర గంటలు పడుతుంది కాబట్టి కారులో వెళ్లే రోజున పెట్టుకోకండి, దానికి వేరే రోజు ఉంచండి.

సిల్వర్టన్ 9,318 అడుగుల ఎత్తులో ఉంది. మీరు గదిలో వంట చేసుకునే రకమైతే ఒక మాట: ఆ ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌లో అన్నం పలుకుగా ఉండిపోతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ వెంట తెచ్చుకోండి. అమ్మ ఆ సంగతి ఎలా ఊహించిందో గానీ, సూట్‌కేసులో మూడు లీటర్ల కుక్కర్ పెట్టుకునే వచ్చింది.

ఈ ఊళ్లో కనీసం సగం రోజు ఉండండి. చాలామంది మెయిన్ రోడ్డు మీద ఐస్‌క్రీమ్ తిని, నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఊరు దాటి ఐదు మైళ్లు వెళ్తే ఓల్డ్ హండ్రెడ్ గోల్డ్ మైన్ ఉంది. వేసవిలో తెరుస్తారు. హెల్మెట్, పసుపు రెయిన్‌కోటు ఇచ్చి చిన్న గని రైల్లో గలీనా కొండ లోపలికి మైలులో మూడో వంతు దూరం తీసుకెళ్తారు. లోపల చలి, పైనుంచి నీళ్లు కారుతుంటాయి. ఎండాకాలమైనా స్వెట్టర్ వేసుకోండి. డ్రిల్లింగ్ మెషిన్లు నడిపి చూపిస్తారు, చప్పుడు చాలా ఎక్కువ. పసిపిల్లలుంటే ముందే చెవులు మూయండి.

లోపల రైలు ఆగగానే నాన్న నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టాడు. మళ్లీ రెండడుగులు జరిగి కొట్టాడు. "ఖంగుమంటోంది. గట్టి రాయి" అన్నాడు. బొగ్గు గనిలో కప్పును రాడ్డుతో కొట్టి చూస్తారట. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే ఊడిపడబోతోందని. దుంగలు ఇంత తక్కువ ఎందుకున్నాయో ఆయనే అమ్మకు చెప్పాడు: ఇది గట్టి బండ, తనను తానే మోసుకుంటుంది, బొగ్గు పొర పైకప్పులా కాదు. అమ్మ తలెత్తి ఆ కప్పు వంకే చూస్తూ నిలబడింది. 31 ఏళ్లు మూడు షిఫ్టులకూ క్యారేజీ కట్టి పంపింది గానీ, గని లోపల ఎలా ఉంటుందో ఆమె చూడటం అదే మొదటిసారి. "రోజూ ఇంత చీకట్లోనా?" అని అడిగింది. "ఇక్కడ లైట్లున్నాయి కదే" అన్నాడు నాన్న.

బయటికొచ్చాక పళ్లెంలో ఇసుక కడిగి బంగారం వెతికే తొట్లుంటాయి. పిల్లలను అక్కడి నుంచి కదిలించడం కష్టం, ఒక గంట ఎక్కువ ఉంచుకోండి. తిరిగొచ్చే దారిలోనే మేఫ్లవర్ మిల్లు ఉంది. ఖనిజాన్ని పొడి చేసి లోహాలు వేరు చేసిన కార్ఖానా, 1991 దాకా పని చేసింది. వేసవిలో లోపలికి వెళ్లనిస్తారు.

ఈ కొండల్లోనే సన్నీసైడ్ గని ఉండేది. దాని పైన లేక్ ఎమ్మా అనే చెరువు. 1978 జూన్ 4న చెరువు అడుగు తెగి, నీళ్లూ బురదా మొత్తం గనిలోకి దూకాయి. ఆ రోజు ఆదివారం, లోపల ఎవరూ లేరు. మామూలు రోజైతే వంద మందికి పైగా ఉండేవాళ్లు. నేను ఇది చెబుతుంటే నాన్న మధ్యలో ఆపి, "ఆదివారమేనా? సరిగ్గా తెలుసా?" అని రెండుసార్లు అడిగాడు. 2015 ఆగస్టులో ఇక్కడికి దగ్గర్లోనే గోల్డ్ కింగ్ అనే పాత గనిలో నిలవ ఉన్న నీళ్లు శుభ్రం చేసే పనుల మధ్యలో తెగి, సుమారు 30 లక్షల గ్యాలన్లు అనిమాస్ నదిలో కలిశాయి. డురాంగో దాకా నది నారింజ రంగుకు మారింది. గని మూసేసినంత మాత్రాన దాని పని అయిపోదని ఈ వాగులు చూస్తే తెలుస్తుంది.

అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: దారి పక్కన కనిపించే పాత గని నోళ్లలోకి ఒక్క అడుగు కూడా పెట్టొద్దు. రాష్ట్రంలో ఇలా వదిలేసినవి సుమారు 23,000 ఉన్నాయి. లోపల గాలి చెడిపోయి ఉంటుంది, వాసన కూడా రాదు. దుంగలు చూడటానికి నిలబడి ఉన్నట్టే ఉంటాయి, లోపల పుచ్చిపోయి ఉంటాయి. ఒకచోట నేను ఫోటో కోసం దగ్గరికి వెళ్లబోతే, నాన్న నా చెయ్యి పట్టి లాగిన లాగుడు ఇంకా గుర్తుంది. చాలావాటికి యజమానులున్నారు కూడా. తుప్పు పట్టిన మేకైనా సరే ఎత్తుకురావొద్దు.

మర్నాడు పొద్దున్నే సిల్వర్టన్ నుంచి యూరేకి. దూరం తక్కువే గానీ మూడు గంటలు పెట్టుకోండి, ఆగే చోట్లు అన్ని ఉన్నాయి. ముందు రెడ్ మౌంటెన్ పాస్, 11,000 అడుగులకు పైనే. పాస్ దాటగానే కొండలు నిజంగానే ఎర్రగా, నారింజగా ఉంటాయి. రాతిలోని ఇనుము గాలికీ నీటికీ తుప్పు పట్టిన రంగు అది. పక్కన వాగుల రాళ్లకు కూడా అదే పూత. ఆ నీళ్లలో చేతులు పెట్టనివ్వొద్దు. రోడ్డుకు తూర్పు వైపు, కొండ వాలు మీద చెక్కతో కట్టిన ఎత్తైన గోపురం లాంటిది కనిపిస్తుంది. అది యాంకీ గర్ల్ గని మీది హెడ్‌ఫ్రేమ్, మనుషులనూ ఖనిజాన్నీ తాడుతో పైకి లాగే కట్టడం. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఇడరాడో గని పని వాళ్ల ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. దగ్గర్లోనే చూడటానికి ఆగే చోటు ఉంది, బోర్డులు కూడా పెట్టారు.

తర్వాత అసలు ఘాట్ దిగుతారు. గేరు తగ్గించండి. రోడ్డు మీద ఒక కాంక్రీట్ కప్పు వస్తుంది, మంచు చరియలు దాని మీదుగా లోయలోకి జారిపోవడానికి కట్టారు. ఈ రోడ్డు మీద మంచు తోస్తూ 1970లో, 1978లో, 1992లో ముగ్గురు డ్రైవర్లు చరియల కింద ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల స్మారకం ఈ దారిలోనే ఉంది. రోడ్డు మూసేశారని విసుక్కునే ముందు అది ఒకసారి చూడండి.

యూరే దగ్గరపడుతుండగా బేర్ క్రీక్ జలపాతం సరిగ్గా రోడ్డు కింద నుంచే దూకుతుంది. 1880ల్లో ఓట్టో మియర్స్ అనే ఆయన ఈ గోడలాంటి కొండను తొలిపించి బండ్ల బాట వేసి, ఇక్కడే గేటు పెట్టి టోల్ వసూలు చేశాడు. ఇప్పటి హైవే చాలావరకు ఆ బాట జాడలోనే సాగుతుంది. ఈసారి అమ్మ ముందు సీట్లో, కొండ వైపు కూర్చుంది. రాతి గోడ కిటికీ పక్కనే చేతికందేంత దగ్గరగా జరిగిపోతుంటే, దాంట్లోంచి మొలిచిన పసుపు పూలు చూపిస్తూ వచ్చింది.

యూరే ఊరికి ఆ పేరు యూట్ జాతి నాయకుడు యూరే మీదుగా వచ్చింది. 1873 ఒప్పందంతో ఈ గనుల కొండలు యూట్‌ల చేతిలోంచి పోయాయి. 1881లో ఇక్కడి యూట్‌లను యూటా ప్రాంతానికి పంపేశారు. ఊళ్లో రెండు పనులు చేయండి. బాక్స్ కాన్యన్ జలపాతం దగ్గరికి నడవండి, ఇరుకు బండల మధ్య ఇనుప వంతెన మీద నిలబడితే చప్పుడు గుండెల్లో తెలుస్తుంది. సాయంత్రం వేడినీళ్ల కొలనులో కూర్చోండి. ఘాట్ దిగి వచ్చిన భుజాలు అప్పటికి గానీ వదులు కావు.

ఒక కథ మాత్రం మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఊరి పై కొండల్లో క్యాంప్ బర్డ్ అనే గని ఉంది. 1896లో థామస్ వాల్ష్ అక్కడ బంగారం కనిపెట్టి, 1902లో గనిని 50 లక్షల డాలర్లకు పైగా అమ్మాడు. ఆయన కూతురు ఎవలిన్, పెళ్లయ్యాక 1911లో హోప్ డైమండ్ కొనుక్కుంది. ఆ నీలి వజ్రం ఎక్కడిది? కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. యూరే వీధిలో నిలబడి ఈ సంగతి చెబితే నాన్న చాలాసేపు ఆ కొండ వైపే చూశాడు. "అక్కడ తవ్వినోళ్లకు కూలి ఎంతిచ్చారో" అన్నాడు.

మూడో రోజు తేలిక. రిడ్జ్‌వే దగ్గర ఎడమకు తిరిగి డల్లాస్ డివైడ్ ఎక్కితే స్నెఫల్స్ శిఖరం ఎదురుగా నిలబడుతుంది, ఫోటోలకు పొద్దున వెలుగు బాగుంటుంది. టెల్యురైడ్‌లో హోటళ్ల ధరలు చాలా ఎక్కువ, నేనైతే రాత్రి యూరేలోనో రిడ్జ్‌వేలోనో ఉండి పగలు చూసి వస్తాను. మూడు వైపులా కొండ గోడలే ఉన్న లోయ చివర ఊరు, ఆ చివర 365 అడుగుల బ్రైడల్ వీల్ జలపాతం. ఊరి నుంచి మౌంటెన్ విలేజ్‌కి గొండోలా (తీగ మీద వెళ్లే కేబుల్ కారు) ఉచితం. వసంతంలో, శీతాకాలానికి ముందు కొన్ని వారాలు ఆపేస్తారు, చూసుకుని వెళ్లండి. ఈ ఊరి దగ్గర ఏమ్స్‌లో 1891లోనే ఆల్టర్నేటింగ్ కరెంట్ తయారుచేసి, తీగల మీద గనికి పంపారు. పారిశ్రామిక అవసరానికి అలా పంపడం ప్రపంచంలోనే తొలి రోజుల సంగతి.

అక్కడి నుంచి ట్రౌట్ లేక్, లిజర్డ్ హెడ్ పాస్, రికో. రికో కూడా గనుల ఊరే గానీ ఎక్కువసేపు అక్కర్లేదు. కార్టెజ్‌లో పడుకుని, పొద్దున మీసా వెర్డేలో కొండ చరియల కింద కట్టిన 800 ఏళ్ల నాటి ఇళ్లు చూడండి. లోపలికి వెళ్లే టూర్ల టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. నిచ్చెనలు ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనుంచి చూసే చోట్లతో సరిపెట్టుకోవచ్చు, అమ్మ అలాగే చూసింది.

డురాంగో చేరాక అదే సాయంత్రం డెన్వర్ బయల్దేరకండి. చీకటి పడితే జింకలు, ఎల్క్‌లు రోడ్డు మీదికి వస్తాయి. వోల్ఫ్ క్రీక్ ఘాట్ పగటి వెలుగులోనే దాటాలి. అక్కడా దిగేటప్పుడు గేరు తగ్గించండి.